రామప్ప మదనికలను తల ఎత్తి చూడండి

సంపాదకులకు నమస్కారం.

నేను రిటైరైన డ్రాయింగ్ మాస్టారిని. పోయిన ఆదివారం మనవరాలితో పాలంపేట రామప్ప గుడికి వెళ్లాను. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం బాగా పెరిగారు. సంతోషమే. కానీ ప్రవేశాల దగ్గర చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ నల్లరాతి మదనికలను, అంటే అందమైన స్త్రీ శిల్పాలను, తల ఎత్తి చూసేవాళ్లే తక్కువ. మొత్తం పన్నెండు. ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్నాయి. అది చూసి మా పిల్ల అక్కడి నుంచి కదల్లేదు. అంత గట్టి రాయిలో నగల పూసలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. నలభై ఏళ్లు బొమ్మలు గీయించినవాణ్ణి, ఆ నడుము ఒంపు నాకిప్పటికీ పెన్సిల్‌కు అందదు.

నా బాధ వేరే. గర్భాలయ ద్వారం దగ్గరున్న కృష్ణుడి శిల్పాన్ని, స్వరాలు పలుకుతాయంటూ, వచ్చినవాళ్లంతా వేళ్లతో తడుతున్నారు. చేతుల చెమట, జిడ్డు రాయికి మంచివి కావు. దయచేసి అక్కడ చిన్న కంచె, తెలుగులో ఒక బోర్డు పెట్టించండి. మదనికల గురించి కూడా నాలుగు మాటలు రాయించండి.

- ఒక విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడు, హనుమకొండ