మండలంలో షామియానా, అసెంబ్లీలో మూసిన తలుపులా?

సంపాదకుల గారికి నమస్కారం.

కుంభకోణం బయటపడితే చాలు, మన నాయకులు 'హౌస్ కమిటీ (ఎమ్మెల్యేలతో వేసే సభా సంఘం) వేస్తాం' అంటారు, ఢిల్లీలో అయితే 'జేపీసీ (రెండు సభల ఎంపీలతో వేసే సంయుక్త సంఘం) వేయండి' అని గొడవ. వేశాక లోపల ఎవర్ని ఏం అడిగారో, వాళ్ళేం చెప్పారో మనకు తెలియదు. 2022లో పెగాసస్ అనే ఫోన్ నిఘా సాఫ్ట్‌వేర్ ఆరోపణల మీద మన అసెంబ్లీ వేసిన సభా సంఘానికి అధ్యక్షుడు అప్పటి మా తిరుపతి ఎమ్మెల్యే భూమన కరుణాకర్ రెడ్డి గారే. అయినా ఆ విచారణ గురించి మా ఊరివాళ్ళకు తెలిసింది కూడా పేపర్లో వచ్చినంతే. ఇది ఒక పార్టీ తప్పని నేను అనడం లేదు, ఎవరు అధికారంలో ఉన్నా పద్ధతి ఇదే.

కొన్నేళ్ళ కిందట మా అత్తగారి మండలంలో ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ చూశాను. ఎంపీడీవో ఆఫీసు ముందు షామియానా వేసి, ప్రజావేదిక పెట్టి, మైకులో మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, చదివారు. ఒక ముసలామె లేచి 'ఆ వారం నేను కూతురి ఊర్లో ఉన్న్యాను సార్, పనికే పోలేదు, ఆ ఏలిముద్ర నాది కాదు' అనేసింది. ఫీల్డ్ అసిస్టెంటు అందరి ముందూ నిలబడి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది, చెమటలు తుడుచుకుంటూనే ఉన్నాడు పాపం, చివరికి రికవరీ రాశారు. నాలుగు రోజుల కూలి డబ్బుకే అంత బహిరంగ విచారణ ఉన్నప్పుడు కోట్ల రూపాయల లెక్క అడిగేటప్పుడు తలుపులెందుకు మూయాలి?

1987లో బోఫోర్స్ ఫిరంగుల కొనుగోలు ముడుపుల మీద వేసిన జేపీసీని ప్రతిపక్షాలు బహిష్కరించాయి, మరుసటి ఏడాది వచ్చిన నివేదికను జనం నమ్మలేదు. 2జీ ఫోన్ స్పెక్ట్రమ్ కేటాయింపుల మీద 2011లో 30 మందితో వేశారు, అక్కడా నివేదిక దగ్గరికి వచ్చేసరికి సభ్యులు పార్టీల వారీగా చీలిపోయారు. అదే అమెరికాలో 1973లో వాటర్‌గేట్ (ప్రతిపక్ష పార్టీ ఆఫీసులో దొంగతనంగా చొరబడిన కేసు) మీద విచారణ కమిటీ వేయడానికి సెనేట్‌లో 77 మంది ఓటేశారు, వ్యతిరేకంగా ఒక్కరూ వేయలేదు. సాక్షుల్ని టీవీ కెమెరాల ముందే అడిగారు. వైట్‌హౌస్‌లో మాటలన్నీ టేపుల్లోకి ఎక్కుతున్నాయని బటర్‌ఫీల్డ్ అనే అధికారి చెప్పింది దేశమంతా చూస్తుండగానే, ఆ తర్వాత ఏడాదికే, 1974 ఆగస్టులో, అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా చేయక తప్పలేదు.

దేశ భద్రత కాగితాలు వస్తే ఆ పూటకు తలుపులు మూసుకోండి, ఎవరూ కాదనరు. మిగతా సాక్ష్యం ప్రత్యక్ష ప్రసారం చేయాలి, అసెంబ్లీలో తిట్టుకోవడం లైవ్‌లో చూపిస్తున్నప్పుడు ఇది చూపించడానికి కష్టమేంటి? ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే పార్లమెంటు ప్రజా పద్దుల సంఘానికి (పీఏసీ) 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుడే అధ్యక్షుడిగా ఉంటున్నారు, అదే ఆనవాయితీ కుంభకోణాల మీద వేసే సభా సంఘాలకూ పెట్టాలి. ఇంకోటి, గడువు. విచారణ కమిషన్ల చట్టం ప్రకారం కమిషన్ నివేదికను, దాని మీద తీసుకున్న చర్యలతో కలిపి, అది అందిన ఆరు నెలల్లో ప్రభుత్వం సభ ముందు పెట్టాలి. సభా సంఘాల నివేదికలకూ అంత గడువు రాసిపెడితే ప్రభుత్వం మారినా ఫైలు బీరువాలో పడిపోదు.

తిరుపతి, చిత్తూరు జిల్లాల ఎమ్మెల్యేలు, ఏ పార్టీ వాళ్ళయినా సరే, సభా నియమాల్లో ఈ మార్పులు చేయమని వచ్చే సమావేశాల్లో స్పీకర్ గారిని అడగాలి. అడిగారో లేదో మీ పేపర్లో రాయండి.

— ఒక పాఠకుడు, తిరుపతి