రేకు డబ్బా

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నీ రెండు ఉత్తరాలకీ జవాబు లేదు. తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. చిన్నోడు ఇంటికొచ్చి మూడు నెలలైంది, కలం పట్టడానికి ఇవాళే కుదిరింది. అందరం బాగున్నాం. వంటింట్లో కారడం ఆగింది. మహేంద్రతనయ నిండుగా పారుతోంది. మిగతా కబుర్లు తర్వాత.

అసలు సంగతి విను. మంగళవారం ఊడుస్తుంటే చిన్నోడి మంచం కింద చీమల బారు కనిపించింది. వంగి చూస్తే మన రేకు డబ్బా! అదేరా, చిన్నప్పుడు నౌపడలో మన ఖజానా. మూత తీస్తే ఎండిపోయిన రొట్టె ముక్కలు, మరమరాలు, సగం కొరికిన అరటిపండు, బడిలో భోజనంతో ఇచ్చిన గుడ్డు. గుడ్డు కుళ్లిపోయింది. అక్కడే కూలబడిపోయాను. దత్తత సంస్థ నుంచి వచ్చే పిల్లలు తిండి దాచుకుంటారనీ, తిట్టొద్దనీ, లాక్కోవద్దనీ అక్కడి ఆవిడ ముందే చెప్పింది. కానీ ఆరేళ్లవాడు రేపటికని గుడ్డు దాచుకోవడం కళ్లారా చూస్తే... నీకెలా చెప్పను.

పాడైనవి తీసేస్తుంటే అడుగున మూడు బిస్కెట్ ప్యాకెట్లు. విప్పనేలేదు. ఇవెక్కడివి వీడికి? తలెత్తేసరికి గుమ్మంలో పెద్దోడు.

"అవి నావి నాన్నా. నేనే పెట్టాను."

నాకు నోట మాట రాలేదు. తమ్ముడు కావాలని రెండేళ్లు నన్ను వేపుకుతిన్నవాడు, తీరా వాడొచ్చాక ముఖం చాటేశాడు. "వీడు ఆడడు, మాట్లాడడు" అని గోళీలు కూడా దాచేశాడు. తొందరపడ్డానేమో, ఇద్దరికీ అన్యాయం చేశానేమో అని రోజూ టెన్షనే.

"రాత్రి లేచి డబ్బా చూసుకుంటాడు నాన్నా. ఖాళీగా ఉంటే పడుకోడు, కూర్చునే ఉంటాడు. నిండుగా ఉంటే పడుకుంటాడు. ప్యాకెట్ అయితే పాడవదు కదా."

పదకొండేళ్లవాడురా! నాకు తట్టలేదు ఆ ప్యాకెట్ సంగతి. తర్వాత మెల్లగా అడిగాడు, "వచ్చిన కొత్తలో నేనూ దాచుకున్నానా?" అని. లేదు, నువ్వు నా చొక్కా పట్టుకునేవాడివి, నిద్రలో కూడా వదిలేవాడివి కాదు అన్నాను. ఆ నీలం చొక్కా గుర్తుందా? ఊడిన గుండీ కుట్టింది నువ్వే.

అన్నట్టు, ఒక కొడుకుండగా ఇంకొకణ్ణి ఎలా ఇచ్చారని అడిగావు కదా. 1956 హిందూ దత్తత చట్టంలో కుదరదు. 2015 బాలల న్యాయ చట్టం కింద కుదురుతుంది. కాకపోతే ఒంటరి మగాడికి ఆడపిల్లని ఇవ్వరు, అందుకే నాకిద్దరూ మగపిల్లలే. పెద్దోడప్పుడు కోర్టు చుట్టూ తిరిగాం చూడు, ఇప్పుడు ఉత్తర్వు కలెక్టరే ఇస్తారు. అది ఇంకా రావాలి. పిల్లాడు ఇంటికొచ్చినప్పటి నుంచి రెండేళ్లపాటు ఆర్నెల్లకోసారి సంస్థవాళ్లు వచ్చి చూసి వెళ్తారు. కలెక్టరు ఇచ్చే ఆ కాగితంతో వాడు నా కొడుకవుతాడు. పెద్దోడికి తమ్ముడు మాత్రం ఇప్పటికే అయిపోయాడు, నాకు తెలియకుండా, ఆ మంచం కింద.

డబ్బా కడిగి ఆరబెట్టి మళ్లీ అక్కడే పెట్టాం. పెద్దోడు దాని మీద ఇద్దరి పేర్లూ రాశాడు, ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి. నిన్న రాత్రి మెలకువ వచ్చి వింటే చీకట్లో గుసగుసలు.

"భాయి, కాలి పాయీ?"

"కాలి పాయీ బి అచ్చి. పడుకో."

రేపటికీ ఉంది, అని. భాయి అని పిలవడం అదే మొదలురా బావా! మూడు నెలల్లో మొదటిసారి. నేను దుప్పటి ముఖం మీదికి లాక్కుని...

సంక్రాంతికి నువ్వు రావాలి. గోళీలు తీసుకురా, ఆ పచ్చది తప్పకుండా. చిన్నోడికి నీ గురించి చెప్పాను, నువ్వు ఎవరివో వాడికి ఇంకా సరిగ్గా అర్థం కాలేదు, పెద్దోడు మాత్రం ఒడియాలో ఏదో...

ఉండు, డబ్బా మూత చప్పుడైంది. ఇద్దరూ లేచినట్టున్నారు. వెళ్లి చూస్తా