పెద్దలూ పిల్లలూ కలిసే బ్యాచ్‌లో మేం మారుస్తున్నవి

మా ఆర్ట్ స్టూడియోకి వస్తున్న పెద్దలకూ పిల్లలకూ, వాళ్లను పంపిస్తున్న ఇంటివాళ్లకూ నమస్కారం.

ఆరు నెలల కిందట మొదలుపెట్టిన శనివారం ఉమ్మడి బ్యాచ్‌లో మేం ఒక పొరపాటు చేశాం. పిల్లలు బొమ్మలు వేస్తుంటే పెద్దవాళ్లను పక్కన సాయానికి కూర్చోబెట్టాం. రంగులు కలిపివ్వడం, నీళ్లు మార్చడం, ‘బాగుంది కన్నా’ అనడం, అంతే వాళ్ల పని. నాలుగో వారానికల్లా కొందరు మానేశారు. ఫోన్ చేసి అడిగితే ఒకావిడ ఉన్నమాట చెప్పేశారు: “మనవల్ని ఇంట్లో చూసుకుంటూనే ఉన్నానమ్మా. అక్కడికి వచ్చింది నేను బొమ్మ వేద్దామని.” ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇకనుంచి అందరి ముందూ కాగితం ఉంటుంది. పెద్దవాళ్లూ నేర్చుకోవడానికే వస్తారు. వృద్ధుల మానసిక వైద్యుడు జీన్ కోహెన్ బృందం 2006లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలోనూ 65 దాటినవాళ్లు బృందగానం నేర్చుకున్నారు, కచేరీలిచ్చారు. ఏడాది తర్వాత చూస్తే, పాడనివాళ్లకంటే వీళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లిందీ, కింద పడిందీ తక్కువే.

కథల గంటలో ‘గుర్తుందా?’ అని ఎవరినీ అడగం. ఆన్ బాస్టింగ్ అనే అమెరికా రంగస్థల కళాకారిణి డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే జబ్బు) ఉన్నవాళ్లతో మొదలుపెట్టిన పద్ధతి ఇది: ఒక ఫొటో చూపించి, ఏమనిపిస్తే అది చెప్పమంటారు, ప్రతి మాటా రాసుకుంటారు. తప్పు జవాబంటూ ఉండదు కాబట్టి ఏడేళ్ల పిల్లాడూ ఎనభై ఏళ్ల తాతగారూ అక్కడ సమానమే.

ఇంకొకటి. “తాతగారూ, అది నీలం కాదు, ఊదా” అని ఒక పాప అంటే ఆయన బ్రష్ పక్కన పెట్టేశారు. వయసుతో కంటి కటకం పసుపుబారుతుంది, నీలం ఊదాల తేడా సరిగ్గా తెలియదు. మసక వెలుతురులో మరీ కష్టం. ఇది ముందే ఆలోచించాల్సింది మేం. ప్రతి బల్లకీ లైటు పెట్టించాం, రంగు సీసాల మీద పేర్లు పెద్దక్షరాల్లో రాశాం. కీళ్లనొప్పులున్నవాళ్లకు లావుపాటి పిడి బ్రష్‌లు తెచ్చాం. మట్టి మేమే ముందుగా మెత్తగా పిసికి ఉంచుతాం.

ఇంతమందిని ఇలా చూసుకోవడం మావల్ల కాదు కాబట్టి బ్యాచ్ ఇరవై నుంచి పన్నెండుకు తగ్గిస్తున్నాం. ఫీజు పెంచడం లేదు. మానేసినవాళ్లు తిరిగొస్తే మొదటి నెల ఏమీ కట్టక్కర్లేదు.

ఇంటివాళ్లకు ఒక్క మాట. దింపి వెళ్తూ పెద్దవాళ్లతో ‘పిల్లాణ్ని కాస్త చూసుకోండి’ అనకండి. ఆ గంటన్నరా పిల్లల్ని మేం చూసుకుంటాం.