వ్యవసాయ మంత్రి గారికి: పత్తి ఏరే చేతులనూ లెక్కలోకి తీసుకోండి

అయ్యా, నమస్కారం.

దేశానికి పత్తి ఎంత సంపాదించి పెడుతోందో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా బేళ్ల లెక్క, ఎగుమతుల లెక్క చెబుతారు. ఆ డబ్బు ఊళ్లో ఎన్ని చేతులు మారుతుందో అందులో కనబడదు.

ఏరే రోజుల్లో ఒక్కసారి చేలోకి రండి. పగిలిన కాయ అంచులు ఎండి ముళ్లలా ఉంటాయి. చెత్త అంటకుండా దూది లాగేసరికి వేళ్లు గీసుకుపోతాయి. కాయలన్నీ ఒకేసారి పగలవు కదా, అదే చేలోకి మూడు నాలుగు సార్లు వెళ్లాలి. చేత్తో ఏరే చోట ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. ఆ కూలితోనే అప్పులు తీరతాయి, పిల్లల ఫీజులు కడతారు.

ఏరిన పత్తి బరువులో దూది మూడో వంతుకు కాస్త ఎక్కువ, మిగతాది దాదాపు గింజే. గింజ నుంచి నూనె, పశువుల మేతకు పత్తిచెక్క వస్తాయి. గింజనూ దూదినీ వేరుచేసే జిన్నింగ్ మిల్లు, లారీ, గానుగ, పాడి అన్నిటికీ పత్తి ఆసరా.

ఆఫ్రికాలోని బెనిన్, బుర్కినా ఫాసో, మాలి, చాద్ పేద దేశాలే. అయినా 2003లో ప్రపంచ వాణిజ్య సంస్థలో సంపన్న దేశాల పత్తి సబ్సిడీలను నిలదీశాయి. రైతు తరఫున అలా నిలబడాలనే మిమ్మల్నీ కోరుతున్నాం.

తేమ కొలిచే మీటర్ ఊళ్లోనే పెట్టించండి. కొనుగోలు కేంద్రానికి లోడు తీసుకెళ్లి, వరుసలో నిలబడ్డాక పత్తిలో తేమ ఎక్కువంటే రైతు ఎక్కడ ఆరబెడతాడు? వచ్చిన ధరకు అమ్మేసుకుంటాడు. అలాగే, మందు కొట్టిన చేలో ఎన్నాళ్లకు దిగవచ్చో ఏరే కూలీలకు చెప్పే ఏర్పాటు ఈ పంటకాలంలోనే చేయండి.

ఇట్లు,
ఒక పత్తి రైతు