రుగర్ మార్క్ పిస్టళ్లు: పాతవాటికీ కొత్తవాటికీ తేడా, మా సర్వీసులో వస్తున్న మార్పులు

మా కస్టమర్లందరికీ నమస్కారం.

వచ్చే నెల నుంచి రుగర్ మార్క్ వరుస .22 టార్గెట్ పిస్టళ్ల సర్వీసులో రెండు మార్పులు చేస్తున్నాము. మొదటిది, మార్క్ 4 పిస్టల్‌ను శుభ్రం చేయించుకోవడానికి మాత్రమే తెస్తే ఆ పని ఇకపై తీసుకోము. ఇంట్లోనే ఎలా శుభ్రం చేసుకోవాలో కౌంటరు దగ్గరే, ఏమీ తీసుకోకుండా చూపించి పంపుతాము. రెండవది, మార్క్ 3లో ఉండే మ్యాగజైన్ డిస్కనెక్ట్‌ను, అంటే మ్యాగజైన్ (తూటాల డబ్బా) లోపల లేనప్పుడు పిస్టల్ పేలకుండా ఆపే ఏర్పాటును, తీసేయమని అడిగితే ఇకపై ఒప్పుకోము. మార్క్ 1, 2, 3 పిస్టళ్లను ఎప్పటిలాగే పూర్తిగా విప్పి, శుభ్రం చేసి, బిగించి ఇస్తాము. ఆ రుసుములో మార్పు లేదు. పాతది కొనుక్కోవాలా, కొత్తది కొనుక్కోవాలా అని మీలో చాలామంది అడుగుతున్న ప్రశ్నకు జవాబు కూడా ఈ మార్పుల వెనుక ఉన్న కారణాల్లోనే ఉంది కనుక, వాటిని కాస్త వివరంగా రాస్తున్నాము.

దాపరికం లేకుండా చెప్పాలంటే, ఈ వర్క్‌షాప్ తొలి రోజుల్లో నిలదొక్కుకున్నది మార్క్ 2, మార్క్ 3 యజమానుల పుణ్యం వల్లనే. పిస్టల్‌ను ఉత్సాహంగా విప్పి, తిరిగి బిగించలేక, ముక్కలను సంచిలో వేసుకుని వచ్చేవారు మాకు నిలకడైన ఆదాయం. మార్క్ 4 వచ్చాక ఆ పని తగ్గింది. తగ్గిన ఆదాయాన్ని పూడ్చుకోవడానికి, అవసరం లేని పనికి మార్క్ 4 యజమానుల దగ్గర డబ్బు తీసుకోవడం మాకు ఇష్టం లేదు.

1949లో కనెటికట్‌లోని సౌత్‌పోర్ట్‌లో బిల్ రుగర్, అలెగ్జాండర్ స్టర్మ్ కలిసి తెచ్చిన మొదటి స్టాండర్డ్ పిస్టల్ ధర 37 డాలర్ల 50 సెంట్లు. అంత తక్కువకు అమ్మగలగడానికి కారణం దాని నిర్మాణమే: ఉక్కు రేకును రెండు సగాలుగా అచ్చొత్తి, వాటిని వెల్డింగ్‌తో కలిపి పట్టు ఫ్రేమ్ చేశారు, రిసీవర్ గుండ్రని గొట్టం, అందులో ముందుకూ వెనక్కూ కదిలే బోల్ట్ కూడా గుండ్రనిదే. 1951లో పొడవైన బ్యారెల్‌తో, సర్దుబాటు చేసుకోగల వెనుక సైట్‌తో (గురి చూసే భాగంతో) వచ్చిన టార్గెట్ మోడల్ మార్క్ 1 అయింది. ఆ తరువాత 1982లో మార్క్ 2, 2004లో మార్క్ 3, 2016లో మార్క్ 4 వచ్చాయి. 1911 అనే పాత సైనిక పిస్టల్ పట్టు కోణాన్ని ఇష్టపడేవారి కోసం 1992 నుంచి 22/45 అనే శాఖ కూడా ఉంది. ఇక్కడ చెప్పే యంత్ర విషయాలు చాలావరకు దానికీ వర్తిస్తాయి.

అందరూ ముందుగా అడిగేది గురి గురించి. ఈ నాలుగు తరాల్లోనూ బ్యారెల్ రిసీవర్‌లోకి మరలతో బిగించి ఉంటుంది, వెనుక సైట్ కూడా ఆ రిసీవర్ మీదే కూర్చుంటుంది. కాల్చినప్పుడు కదిలేది లోపలి బోల్ట్ ఒక్కటే. ముందు సైట్, వెనుక సైట్, బ్యారెల్ మూడూ ఒకే దిమ్మలాగా ఉండిపోవడమే ఈ పిస్టళ్ల గురి నిలకడకు మూలం. మార్క్ 4లో పైభాగం కీలు మీద లేచినా ఆ దిమ్మ విడిపోదు, కనుక శుభ్రం చేసిన ప్రతిసారీ సైట్లను మళ్లీ సరిచూసుకోవాల్సిన అవసరం రాదు. మంచి స్థితిలో ఉన్న మార్క్ 2నూ కొత్త మార్క్ 4నూ ఆధారం మీద పెట్టి కాలిస్తే, రెండింటి మధ్య కనిపించే తేడా కన్నా ఒక బ్రాండు తూటాలకూ మరొక బ్రాండుకూ మధ్య కనిపించే తేడాయే ఎక్కువగా ఉంటుంది. కొత్తది కొంటే స్కోరు పెరుగుతుందని చెప్పి అమ్మడం మా వల్ల కాదు.

అసలు తేడా విప్పడంలో, బిగించడంలో ఉంది. మార్క్ 2ను విప్పడం పెద్ద కష్టమేమీ కాదు. చాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని చూసుకున్న తరువాత, పట్టు వెనుక ఉన్న సన్నని లాచ్‌ను లేపితే మెయిన్‌స్ప్రింగ్ హౌసింగ్ (ప్రధాన స్ప్రింగు ఉండే తొడుగు) బయటికి తిరుగుతుంది. దాని పైకొసన ఉన్న పొడవాటి పిన్ను రిసీవర్ నుంచి జారి బయటికి వస్తే బోల్ట్ వెనక్కి వచ్చేస్తుంది. రిసీవర్‌ను ప్లాస్టిక్ సుత్తితో మెల్లగా తట్టి ముందుకు జరిపితే ఫ్రేమ్ విడిపోతుంది. చిక్కంతా తిరుగు ప్రయాణంలో. ఫైరింగ్ పిన్‌ను కొట్టే హ్యామర్ పూర్తిగా ముందుకు వాలి ఉండాలి, దాని వెనుక వేలాడే సన్నని స్ట్రట్ (కడ్డీ) హౌసింగ్‌లోని చిన్న గుంటలో సరిగ్గా కూర్చోవాలి, ఆ గుంటేమో హౌసింగ్ మూసే సమయానికి కంటికి కనబడదు. పిస్టల్‌ను వంచి స్ట్రట్ దానంతట అది సరైన చోటికి వాలేలా చేయడం చేతికి అలవాటయ్యే పనే గానీ, పుస్తకం చదివి వచ్చేది కాదు. స్ట్రట్ పక్కకు తప్పితే హౌసింగ్ మూసుకున్నట్టే మూసుకుంటుంది, కానీ బోల్ట్‌ను లాగితే సగంలో ఆగిపోతుంది. అక్కడే చాలామందికి చెమటలు పట్టేది. మార్క్ 3లో దీనికి తోడు మరొక తిప్పలు ఉన్నాయి: మ్యాగజైన్ లోపల లేనిదే ట్రిగ్గర్ హ్యామర్‌ను వదలదు కనుక, విప్పేటప్పుడూ బిగించేటప్పుడూ ఖాళీ మ్యాగజైన్‌ను పెడుతూ తీస్తూ ఉండాలి.

మార్క్ 4లో ఇదంతా లేదు. సేఫ్టీ వేసి, ఫ్రేమ్ వెనుక ఉన్న బటన్ నొక్కితే, పెట్టె మూత తెరిచినట్టు పైభాగం లేచి ఫ్రేమ్ నుంచి విడివడుతుంది. బోల్ట్‌ను చేత్తోనే బయటికి తీయవచ్చు.

ఇది సౌకర్యానికి సంబంధించిన సంగతి మాత్రమే అనుకోవద్దు. .22 లాంగ్ రైఫిల్ తూటాలో సీసపు గుండుకు మైనమో గ్రీజో పూసి ఉంటుంది. అది మసితో కలిసి బోల్ట్ ముఖం మీద, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ తొడుగును లాగే కొక్కెం) కింద గట్టిపడితే ఖాళీ తొడుగులు సరిగ్గా బయటపడవు. మా దగ్గరికి ఆ ఫిర్యాదుతో వచ్చే పాత పిస్టళ్ల గురించి ఆరా తీస్తే, ఎక్కువగా వినిపించే జవాబు "కొన్నప్పటి నుంచి విప్పలేదండీ" అనే. విప్పడానికి భయపడే పిస్టల్ శుభ్రంగా ఉండదు.

బోల్ట్‌ను కూడా విడదీసి శుభ్రం చేసేవారు ఒక చిన్న ముక్క మీద కన్నేసి ఉంచాలి. తూటాను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్ పరిమితికి మించి ముందుకు వెళ్లకుండా ఆపే స్టాప్ పిన్ను బోల్ట్‌లో అడ్డంగా ఉంటుంది. అది చాలా సులువుగా ఊడి పడిపోతుంది, లేకపోయినా పిస్టల్ బిగుసుకుంటుంది, పేలుతుంది కూడా. కానీ ఖాళీ చాంబర్ మీద ట్రిగ్గర్ లాగిన ప్రతిసారీ ఫైరింగ్ పిన్ చాంబర్ అంచును కొట్టి గాటు పెడుతుంది. అలా పాడైన అంచుతో వచ్చే పాత పిస్టళ్లను మేము సెకండ్ హ్యాండ్‌గా కొనము.

తరాల మధ్య జరిగిన మిగతా మార్పుల్లో మాకు నిజంగా విలువైనదిగా తోచేది మార్క్ 2 సేఫ్టీ. మార్క్ 1లో సేఫ్టీ వేస్తే బోల్ట్ కూడా బిగుసుకుంటుంది, కనుక తూటా తీయాలంటే సేఫ్టీ తీయక తప్పదు. మార్క్ 2 నుంచి సేఫ్టీ వేసి ఉండగానే బోల్ట్‌ను లాగి చాంబర్ ఖాళీ చేయవచ్చు. ఆఖరి తూటా పేలాక బోల్ట్ వెనకే నిలిచిపోవడం, మ్యాగజైన్ 9 నుంచి 10 తూటాలకు పెరగడం కూడా అప్పుడు వచ్చినవే. మార్క్ 3లో మ్యాగజైన్ వదిలే లాచ్ పట్టు అడుగు నుంచి ట్రిగ్గర్ గార్డు దగ్గరికి బటన్‌గా మారింది, ఇది మంచి మార్పే. చాంబర్‌లో తూటా ఉందని చూపే సూచిక కోసం ఎడమ పక్కన పెట్టిన గాడిలో మాత్రం మసి చేరుతుంది. మార్క్ 4లో దాన్ని వదిలేశారు.

ఇక మ్యాగజైన్ డిస్కనెక్ట్. మార్క్ 3లో అది ట్రిగ్గర్‌ను కాస్త గరుకుగా మారుస్తుందని, మ్యాగజైన్ తేలిగ్గా జారి పడకుండా అడ్డుపడుతుందని మీరు చేసే ఫిర్యాదు న్యాయమైనదే. అయినా, నేడు మీ చేతిలో ఉన్న పిస్టల్ రేపు మరొకరి చేతికి వెళ్తుంది. మ్యాగజైన్ తీస్తే పేలదని ఆయన నమ్మితే, ఆ నమ్మకాన్ని మేమే తీసేసినవాళ్లమవుతాము. ట్రిగ్గర్‌ను మెరుగుపరిచే పని కావాలంటే డిస్కనెక్ట్‌ను ముట్టుకోకుండానే చేస్తాము. మార్క్ 4లో డిస్కనెక్ట్ ఉన్నా మ్యాగజైన్ ధారాళంగా జారుతుంది. మార్క్ 3, మార్క్ 4 మ్యాగజైన్లు ఒకదానికొకటి సరిపోతాయి కనుక, మారదలచినవారికి పాత మ్యాగజైన్లు వృథా కావు.

మార్క్ 4 సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు తప్పక చూడవలసినది సీరియల్ నంబరు. 2017 జూన్ 1కి ముందు తయారైన మార్క్ 4 పిస్టళ్లను, మార్క్ 4 తరం 22/45లతో సహా, కంపెనీయే వెనక్కి పిలిచింది. సేఫ్టీ లివర్ రెండు స్థానాలకూ మధ్యలో ఉండగా ట్రిగ్గర్ లాగితే అప్పటికి పేలకపోయినా, తరువాత లివర్‌ను ఫైర్ వైపు జరిపినప్పుడు పేలే ప్రమాదం ఉందని తేలడమే కారణం. నంబరు 401తో గానీ డబ్ల్యూబీఆర్ అక్షరాలతో గానీ మొదలైతే, దాన్ని కంపెనీ సరిచేసిందో లేదో తేలేవరకు కాల్చకండి. అలాంటివి మా దగ్గరికి అమ్మకానికి వస్తే, సరిచేసిన ఆధారం చేతికి అందాకే షెల్ఫులో పెడుతున్నాము.

కొనుగోలు గురించి మా అభిప్రాయం అడిగితే ఇదీ: ఇప్పటికే మంచి మార్క్ 2 ఉంటే దాన్ని అమ్మి కొత్తది కొనకండి. మొదటిసారి కొంటున్నవారు, ముఖ్యంగా ఇంట్లో ఇద్దరు ముగ్గురు కాల్చేవారు ఉంటే, మార్క్ 4 తీసుకోండి. అందులోనూ బ్లూ చేసిన (నల్లని పూత వేసిన) టార్గెట్ మోడల్ ఫ్రేమ్ అల్యూమినియంది, స్టెయిన్‌లెస్ మోడల్‌ది ఉక్కు. గురి పెట్టి నిలకడగా కాల్చడానికి బరువు మేలే కనుక, రెండింటినీ చేత్తో పట్టుకుని చూశాకే ఎంచుకోండి. మార్క్ 3 ధర తగ్గి దొరికితే మంచి బేరమే, కానీ శుభ్రం చేయించే ఖర్చును కూడా లెక్కలో వేసుకోండి.

మార్క్ 4ను విప్పి చూపించే పని శనివారాలు ఉదయం పెట్టుకున్నాము. తూటాలు లేకుండా, చాంబర్ ఖాళీ చేసి, పెట్టెలోనే తీసుకురండి. పాత పిస్టళ్లను ముక్కలుగా సంచిలో తెచ్చినా ఏమీ అనుకోము. ఫైరింగ్ పిన్ స్టాప్ మాత్రం సంచిలో ఉందో లేదో ఇంట్లోనే చూసుకుని రండి, అది లేకుండా బిగించిన పిస్టల్‌ను మేము తిరిగి ఇవ్వము.