మీ ఇంటి కంప్యూటర్ ఐపీ అడ్రస్ రాసిపెట్టుకోండి

తల్లిదండ్రులకు నమస్కారం.

బతుకమ్మ, దసరా సెలవుల ప్రాజెక్టు పనుల వివరాలు లోపలి పేజీలో ఉన్నాయి. ఈ లేఖ ఇంట్లో వైఫై, కంప్యూటర్ ఉన్నవాళ్ల కోసం. ప్రింటర్ కనబడటం లేదనీ, రాత్రి పొద్దుపోయినా పిల్లలు ల్యాప్‌టాప్ వదలడం లేదనీ మీలో చాలామంది మా కంప్యూటర్ టీచర్‌కు ఫోన్ చేస్తున్నారు. రెండింటికీ ముందుగా తెలియాల్సింది ఇంటి నెట్‌వర్క్‌లో మీ కంప్యూటర్ ఐపీ అడ్రస్.

వైఫైకి కలిసిన ప్రతి పరికరానికీ రౌటర్, అంటే ఇంట్లో వైఫై ఇచ్చే పెట్టె, ఒక నంబరు ఇస్తుంది. అదే ఐపీ అడ్రస్. చాలా ఇళ్లలో అది 192.168తో మొదలవుతుంది, కొన్నిచోట్ల 10తో. హన్మకొండలో మీ ఇంట్లో ఉన్న నంబరే కాజీపేటలో ఇంకొకరింట్లోనూ ఉండొచ్చు. ఆరో తరగతిలోనూ ఏడో తరగతిలోనూ రోల్ నంబరు 12 ఉన్నట్టే. ఏ ఇంటిది ఆ ఇంట్లోనే చెల్లుతుంది.

విండోస్ కంప్యూటర్‌లో అయితే విండోస్ బొమ్మ ఉన్న బటన్, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో సి, ఎం, డి అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే నల్లటి తెర వస్తుంది. అందులో ఐ, పి, సి, ఓ, ఎన్, ఎఫ్, ఐ, జి అక్షరాలు మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేసి మళ్లీ ఎంటర్ నొక్కండి. బారెడు వరుసలు వస్తాయి, కంగారు పడకండి. ‘డిఫాల్ట్ గేట్‌వే’ ఎదురుగా నంబరు ఉన్న భాగం చూడండి. అక్కడే ‘ఐపీవీ4 అడ్రస్’ ఉంటుంది, అదే మీ కంప్యూటర్‌ది. గేట్‌వే నంబరు రౌటర్‌ది. రెండూ రాసుకోండి. ఫోన్‌లో అయితే సెట్టింగుల్లో మీ వైఫై వివరాలు తెరిస్తే కనిపిస్తుంది.

169.254తో మొదలైతే రౌటర్ నుంచి నంబరు అందలేదని అర్థం. వైఫై ఆపి మళ్లీ కలపండి.

కరెంటు పోయి వచ్చాక ఒక్కోసారి నంబర్లు మారిపోతాయి. నిన్న పనిచేసిన ప్రింటర్ ఇవాళ దొరకకపోవడానికి తరచూ ఇదే కారణం. గేట్‌వే నంబరును బ్రౌజర్‌లో కొడితే రౌటర్ పేజీ తెరుచుకుంటుంది. ప్రింటర్‌కు ఎప్పుడూ ఒకే నంబరు ఉండేలా అక్కడ కట్టేయొచ్చు. పిల్లల ల్యాప్‌టాప్‌ను దాని నంబరుతో గుర్తుపట్టి, రాత్రి ఇన్ని గంటలకు నెట్ ఆగిపోవాలని పెట్టే వీలు కూడా చాలా రౌటర్లలో ఉంది. దయచేసి ఆ పని పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, వేళ వాళ్లతో మాట్లాడి చేయండి. చాటుగా పెట్టిన కట్టడి ఇంట్లో గొడవకే దారితీస్తుంది.

ఒక్క జాగ్రత్త. ‘మీ ఐపీ హ్యాక్ అయింది, మేం చెప్పిన యాప్ వేసుకోండి’ అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. రౌటర్ పాస్‌వర్డ్ బయటివాళ్లకు చెప్పకండి.

అర్థం కానివాళ్లు శనివారం బడి వదిలాక మా ల్యాబ్‌కు రండి. ల్యాప్‌టాప్ ఒక్కటే తెస్తే ఇక్కడి నెట్‌వర్క్ ఇచ్చిన నంబరే కనిపిస్తుంది. అందుకని ఇంట్లోనే ఆ నల్లటి తెరను ఫోన్‌తో ఫొటో తీసి తీసుకురండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు