నాటకం ఆడిన తారీఖు ఎవరు రాసిపెట్టారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో నాటిక పోటీల వార్త చూశాను. ఫొటో పెద్దదే వేశారు, జ్యోతి వెలిగించిన పెద్దల పేర్లు ఏడెనిమిది ఇచ్చారు, చివర్లో 'నాటికలు విశేషంగా అలరించాయి' అన్నారు. నాటిక రాసిందెవరో, ఆడిందెవరో ఒక్క పేరు లేదు. మామూలుగా అయితే పేజీ తిప్పేసేవాణ్ణే గానీ, ఈ ఏడాదంతా మా అక్క కూతురికి తోడుగా లైబ్రరీల చుట్టూ తిరిగి దుమ్ము మింగినవాణ్ణి కాబట్టి ఒళ్లు మండింది.

ఆ పిల్ల నెల్లూరు, ప్రకాశం జిల్లాల నాటక సమాజాల మీద పరిశోధన చేస్తోంది. నాటకాల పుస్తకాలు తేలిగ్గానే దొరికాయి. వాటి మీద సాహిత్య విమర్శ కూడా పాత 'భారతి' మాసపత్రిక సంచికల్లో బోలెడంత ఉంది. వేదం వెంకటరాయశాస్త్రి గారు ప్రతాపరుద్రీయం నాటకంలో చాకలి పేరిగాడి చేత వాడుక మాట పలికించినందుకు జరిగిన గొడవ గురించి ఎంత కావాలంటే అంత చదువుకోవచ్చు. ఆయన నాటకాలు ఆడటానికి 1899లోనే నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని సమాజం వెలిసింది. సరే, మరి ఆ పేరిగాడి వేషం కట్టిందెవరు, జనం ఎక్కడ నవ్వారు, ఏ పద్యానికి వన్స్ మోర్ కొట్టారు? మాకు కావాల్సింది అది. అది ఆ వారం పేపర్లో తప్ప ఇంకెక్కడా ఉండదు.

పేపర్లో వెతకాలంటే ముందు నాటకం ఆడిన తారీఖు తెలియాలి. ఇది అర్థం కావడానికి మాకు మూడు నెలలు పట్టింది. నాటకం పేరు పట్టుకుని వెళ్తే ఏ లైబ్రేరియన్ అయినా పుస్తకమే తెచ్చి ముందు పెడతాడు, ఆయన తప్పేం లేదు. తారీఖు కోసం పాత కరపత్రాలు, నటుల ఇళ్లలో ఫొటోల వెనక రాతలు చూశాం. అది దొరికాక వేటపాలెం సారస్వత నికేతనంలో కూర్చున్నాం. 1918 నాటి గ్రంథాలయం అది, 2022లో బాపట్ల జిల్లాలోకి పోయింది గానీ నాకింకా మన ప్రకాశం జిల్లాదే. ఆడిన రోజు నుంచి పది పదిహేను రోజుల పేపర్లు వరసగా తిరగేయాలి. సమీక్ష అని హెడ్డింగు ఉండదు, సమాజం పేరు మీదో ఊరి పేరు మీదో నాలుగైదు లైన్లు ఉంటాయి. 1930ల నాటి అలాంటి ముక్క ఒకటి దొరికింది, హార్మోనియం మోతలో కృష్ణుడి పద్యం వినపడలేదని నిర్మొహమాటంగా రాశాడు మహానుభావుడు! మా పిల్ల ఆ రోజు అన్నం కూడా మర్చిపోయింది.

విచిత్రమేమిటంటే 1930ల నాటివి దొరికాయి గానీ 1990ల నాటివి దొరకలేదు. జిల్లా పేజీలు విడిగా చిన్న పేపర్‌గా రావడం మొదలయ్యాక నాటకాల వార్తలన్నీ వాటిలోకే పోయాయి. మేం వెళ్లిన ఒక లైబ్రరీలో మెయిన్ పేపర్ మాత్రమే బైండు చేయించి, జిల్లా పేజీలను తూకానికి అమ్మేశారు. ఒంగోలులో ఆడిన నాటకం గురించి హైదరాబాద్ వెళ్లి వెతికినా అక్కడికి వచ్చేది అక్కడి ఎడిషనే కదా.

సినిమా మీద మన నెల్లూరు వారపత్రిక 'జమీన్ రైతు' రాసిన ఘాటు సమీక్షలు జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. నాటకానికి అంత పేజీ అడగను. ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు గారే కుర్రతనంలో ఒంగోలులో ఆడవేషాలు వేశానని రాసుకున్నారు, ఆ ఊళ్లో నాటకం ఆడితే రచయిత, దర్శకుడు, నటుల పేర్లు, తారీఖు, ఆడిన హాలు వేసి, ఎలా ఉందో రెండు మాటలు రాయండి. బాగాలేకపోతే బాగాలేదనే రాయండి, పొగిడే బదులు.

ఇంకొక్క మనవి. పాత జిల్లా పేజీల్లోని నాటకాల కటింగులు మీ పాఠకుల దగ్గర ఉంటే దయచేసి చిత్తు కాగితాల వాడికి వేయొద్దని చెప్పండి. మా పిల్లకి 1992 నుంచి 1998 దాకా ఇంకా ఖాళీగానే ఉంది.

– ఒక నాటకాభిమాని, ఒంగోలు